ఇంట్లోకి వరద నీళ్లు వస్తే: బుడమేరు తర్వాత మళ్లీ మళ్లీ వినబడుతున్న ప్రశ్నలు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడలో అందరి కళ్లూ కృష్ణ మీదే ఉన్నాయి. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వెళ్లాయి. బ్యారేజీ చరిత్రలోనే అది రికార్డు. కానీ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక ప్రాంతాలను ముంచింది కృష్ణ కాదు, ఊరి వెనక నుంచి వచ్చిన బుడమేరు వాగు. అదే రోజు ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీద పడింది. ఆ తర్వాత ప్రతి వానాకాలం ఎవరో ఒకరు అవే ప్రశ్నలు అడుగుతున్నారు. జవాబులన్నీ ఒకచోట ఉంటే మేలని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. వరదలో పోయిన సామానంతా నీళ్ల వల్లే పోలేదు. నీళ్లు తీశాక మనం పడిన తొందర వల్ల పోయింది కూడా చాలా ఉంది. కింద చాలా జవాబుల్లో "ఆగండి" అని కనిపిస్తే కారణం అదే.

వాన తగ్గిపోయింది కదా, మరి నీళ్లు ఎందుకు పెరుగుతున్నాయి?

మీ వీధిలో పడిన వానకీ మీ ఇంట్లోకి వచ్చే నీళ్లకీ ఒక్కోసారి సంబంధమే ఉండదు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరద నీటిని డైవర్షన్ కాలువలోకి మళ్లించి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు తీసుకోదు, కాలువలో నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. 2024లో జరిగింది అదే. పైగా ఆ కాలువ ఎడమ కట్ట మూడు చోట్ల తెగింది. తెగిన నీరు పాత దారి పట్టింది. ఆ పాత దారి పొడవునా ఇప్పుడు కాలనీలే. చివరి గండిని ఆర్మీ ఇంజినీర్ల సాయంతో పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. అప్పటిదాకా ఎండ కాస్తున్నా నీళ్లు వస్తూనే ఉన్నాయి.

కాబట్టి ఆకాశం చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. మీ ఊరికి ఎగువన ఏ వాగు ఉంది, ఏ చెరువు కట్ట ఉంది అన్నది తెలుసుకోండి. 2020 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీలో చెరువులకు గండ్లు పడినప్పుడు కూడా ఇంతే, నీళ్లు వీధి చివర కనబడ్డాక చేతిలో ఉండే సమయం చాలా తక్కువ.

నీళ్లు గుమ్మం దాకా వచ్చాయి. మొట్టమొదట ఏం చేయాలి?

మెయిన్ ఆపేయండి. కాళ్లు పొడిగా ఉన్నప్పుడే ఆపాలి. అప్పటికే నీళ్లలో నిలబడి ఉంటే, లేదా మీటరు బోర్డు తడిసి ఉంటే దాన్ని ముట్టుకోకుండా 1912కి ఫోన్ చేసి లైను ఆపించండి. ఇన్వర్టర్ సంగతి చాలామంది మర్చిపోతారు. వీధిలో కరెంటు పోయినా ఇన్వర్టర్ ఇంట్లో కరెంటు ఇస్తూనే ఉంటుంది. దాని స్విచ్చి కూడా తీసేయాలి.

తర్వాత గ్యాస్. రెగ్యులేటర్ ఆపి, ఊడదీసి, సిలిండర్‌కి మూత బిగించండి. సిలిండర్ నీళ్ల మీద తేలుతుంది, ఖాళీదైతే మరీను. తేలుతూ పోయి తలుపుకో గోడకో కొట్టుకుంటుంది. తాడుతో కిటికీ చువ్వలకు కట్టేయండి.

మూడోది, ఎవరికీ తోచనిది, బాత్‌రూము. వరద నీళ్లు గుమ్మంలోంచి రాకముందే కమోడ్‌లోంచి, స్నానాల గది తూములోంచి పైకి తన్నుకొస్తాయి. ప్లాస్టిక్ సంచిలో ఇసుకో మట్టో నింపి కమోడ్‌లో కూరండి, తూము మీద గుడ్డలు కుక్కి బరువు పెట్టండి. పూర్తిగా ఆగదు గానీ మురుగు తాకిడి తగ్గుతుంది.

ఏవి పైకి చేర్చాలి?

మనుషులు, మందులు, కాగితాలు, ఫోన్లు, తాగే నీళ్లు. ఈ వరుసలోనే. ముసలివాళ్లను, పిల్లలను, నడవలేనివాళ్లను నీళ్లు మోకాలి లోపు ఉన్నప్పుడే మేడ మీదికి తీసుకెళ్లాలి. నడుము దాకా వచ్చాక మెట్ల మీద మనిషిని మోయడం ఎంత కష్టమో మోసినవాళ్లకే తెలుసు. షుగర్ ఉన్నవాళ్ల ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండిపోతుంది, దాన్ని గుర్తు పెట్టుకుని తీయండి. మేడ మీద మట్టి కుండలో తడి గుడ్డ చుట్టి ఉంచితే కొన్నాళ్లు పాడవకుండా ఉంటుంది.

ఇంకా సమయం ఉంటే బియ్యం, మిక్సీ, పట్టు చీరలు. వీటిని మంచం మీద పెట్టి ఊరుకోవద్దు, మంచం కూడా తేలుతుంది. సజ్జ మీదో అటక మీదో పెట్టండి. ఫ్రిజ్‌ని ఇద్దరు కలిసి ఎత్తాలని చూడొద్దు. నడుము పట్టేస్తే ఆ తర్వాతి వారం రోజులూ మీరే ఇంకొకరికి బరువు.

గేదో ఆవో కుక్కో ఉంటే కట్టు విప్పేయండి. కట్టు విప్పితే చాలావరకు అవే దారి చూసుకుంటాయి.

ఇల్లు వదిలి వెళ్లాలా, మేడ మీదే ఉండాలా?

పక్కా డాబా అయితే, పైన ఇంకో అంతస్తు ఉంటే, నీళ్లు నెమ్మదిగా పెరుగుతుంటే మేడ మీద ఉండొచ్చు. రేకుల ఇల్లు, పెంకుటిల్లు, మట్టి గోడలు, వాగు ఒడ్డున ఉన్న ఏ ఇల్లయినా సరే, చెప్పగానే వెళ్లిపోవాలి. అధికారులు ఖాళీ చేయమన్నప్పుడు "మా తాతల కాలం నుంచి ఇక్కడిదాకా రాలేదు" అనే మాట ప్రతి ఊళ్లోనూ వినబడుతుంది. తాతల కాలంలో వాగు పక్కన ఇన్ని ఇళ్లు లేవు.

ఉండిపోవాలనుకుంటే మాత్రం ఒక పూటకు అని లెక్క వేయకండి. సింగ్‌నగర్ వైపు కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్లు కదల్లేదు. పడవలు, డ్రోన్లు తిండి పొట్లాలు తెచ్చాయి, నిజమే. కానీ అవి పెద్ద రోడ్ల పక్కవాళ్లకు ముందు అందాయి, లోపలి సందుల్లోకి ఆలస్యంగా చేరాయి.

నీళ్లలో నడిచి వెళ్లక తప్పకపోతే?

పారే నీరు చీలమండ పైకి వస్తే చాలు, పెద్దమనిషిని కూడా పడేస్తుంది. అడుగున్నర రెండడుగులు వస్తే కారు తేలిపోతుంది. చేతిలో పొడుగాటి కర్ర పట్టుకుని ముందు నేల తట్టి చూసి అడుగెయ్యండి, మూత లేని మ్యాన్‌హోళ్లు, డ్రైన్లు కనబడవు. కరెంటు స్తంభాలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు దూరంగా నడవండి. ఒంటరిగా వెళ్లొద్దు. చెప్పులు నీళ్లలో ఊడిపోతాయి, బూట్లు మేలు.

ఎవరికి ఫోన్ చేయాలి?

అత్యవసరానికి 112. విపత్తుల కంట్రోల్ రూమ్ రాష్ట్రానికి 1070, జిల్లాకు 1077. అంబులెన్స్ 108. గ్యాస్ లీకైతే 1906. ఈ నంబర్లు ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. ఫోన్ చేసినప్పుడు ఇంటి నంబరు చెబితే పడవవాళ్లకు అర్థం కాదు. గుడి వెనక, ఫలానా స్కూలు ఎదురు సందు, నీలం రంగు డాబా అని చెప్పండి. ఎంతమంది ఉన్నారో, నడవలేనివాళ్లు ఉన్నారేమో ముందే చెప్పాలి. లొకేషన్ పంపించేశాక డేటా ఆపి ఛార్జింగ్ దాచుకోండి.

నీళ్లు తీశాయి. వెంటనే కడిగేయొచ్చా?

కడగకముందు ఫొటోలు తీయండి. ఇది ఎంత చెప్పినా తక్కువే. గోడ మీద నీళ్లు నిలిచిన మరక, బురదలో పడున్న ఫ్రిజ్, ఉబ్బిన పరుపు, తడిసిన బియ్యం బస్తాలు, బండి నంబరు కనబడేలా బండి. ప్రతి గదికీ ఒక వీడియో, వాటిలో మీరు కూడా కనబడితే ఇంకా మంచిది. శుభ్రమైన ఇంటికి వచ్చిన ఎన్యూమరేషన్ (నష్టం లెక్క రాసుకునే) వాళ్లకు "ఛాతీ దాకా వచ్చాయండీ" అని చెబితే వాళ్లు రాసుకోవచ్చు, రాసుకోకపోవచ్చు. గోడ మీద మరక ఉంటే వాదన ఉండదు.

లోపలికి వెళ్లేముందు తలుపులూ కిటికీలూ తెరిచి కాసేపు గాలి ఆడనివ్వండి. గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గీయొద్దు, స్విచ్చి వేయొద్దు. పామును కర్రతో కదిపి చూడాలనే ఉత్సాహం కూడా వద్దు. బీరువా కింద, గుడ్డల మూటల్లో, బూట్లలో దూరి ఉంటాయి. కాటేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టేయడం ఏదీ చేయకుండా, మనిషిని కదలనివ్వకుండా 108లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

బురద ఎలా తీయాలి?

ఇక్కడ మాత్రం ఆగకూడదు. బురద తడిగా ఉన్నప్పుడే పోవాలి. నీళ్లు పూర్తిగా దిగకముందే, ఇంకా జానెడు నీళ్లు ఉన్నప్పుడే చీపురుతో కలియబెట్టి ఆ నీళ్లతోనే బయటికి నెట్టేస్తే సగం పని అయిపోయినట్టే. రెండు రోజులు ఎండ తగిలితే అది గచ్చులా బిగుసుకుంటుంది, ఇక పార పట్టాల్సిందే. విజయవాడలో అప్పుడు వీధులూ ఇళ్లూ కడగడానికి ఫైరింజన్లు కూడా తెచ్చారు. మీ వీధికి వస్తుంటే మీ వంతు వచ్చేలోపు పెద్ద సామాను బయట పెట్టుకుని సిద్ధంగా ఉండండి. తీసిన బురదను వీధి డ్రైనులో వేయకండి. మళ్లీ చినుకు పడితే అది మీ గుమ్మంలోకే వస్తుంది.

కడిగాక బ్లీచింగ్ నీళ్లతో నేల, గోడలు తుడవాలి. చేతులకు గ్లౌజులు, కాళ్లకు బూట్లు ఉండాలి. ఒక హెచ్చరిక: బ్లీచింగ్ వేసిన చోట బాత్‌రూము కడిగే యాసిడ్ పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసి ఉన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ పనిచేస్తాయా?

కొన్ని పనిచేస్తాయి, ప్లగ్గు పెట్టి చూడకపోతే. "ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం" అనే ఆ ఒక్కసారితోనే బోర్డు కాలిపోతుంది. ముందు ఎలక్ట్రీషియన్ వచ్చి ఇంటి వైరింగ్, స్విచ్‌బోర్డులు, ఎర్తింగ్ చూడాలి. తర్వాత ఒక్కో వస్తువును మెకానిక్ విప్పి, మంచినీళ్లతో బురద కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు కరెంటు ఇవ్వాలి. ఫ్రిజ్‌లో కంప్రెసర్ సీలు వేసి ఉంటుంది కాబట్టి అది తరచుగా బతుకుతుంది, దాని పక్కనుండే రిలే లాంటి చిన్న సామాను మారిస్తే సరిపోవచ్చు. కానీ లోపలి గోడల్లోకి మురుగు నీరు దిగి వాసన పోకపోతే ఎంత బాగు చేసినా అందులో పాలు పెట్టబుద్ధి కాదు. గ్రైండర్, మోటారు, ఫ్యాను మళ్లీ తిరిగే అవకాశం ఎక్కువ. టీవీ మునిగితే ఆశ తక్కువ.

వరద తర్వాత మెకానిక్‌ల రేట్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. వీధివాళ్లంతా కలిసి ఒకరినే పిలిచి, ఇంటింటికీ రేటు మాట్లాడుకోండి.

బండి మునిగింది. కిక్ కొట్టి చూడనా?

వద్దు. కీ కూడా తిప్పొద్దు. ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే స్టార్ట్ చేసిన క్షణంలో లోపలి రాడ్లు వంగిపోతాయి. వేలల్లో పోయేది పదుల వేలు, కారు అయితే లక్ష దాటుతుంది. బ్యాటరీ తీగ తీసేసి, తోయించి లేదా ట్రాలీ ఎక్కించి షెడ్డుకు పంపండి. ఆయిల్ తీయించి చూస్తే పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే.

బీమా సంగతి కూడా ఇక్కడే చెబుతాను. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మీ బండికి రూపాయి రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే వరద నష్టానికి వస్తుంది. కానీ నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేసి ఇంజన్ పాడు చేసుకుంటే, ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేనివాళ్లకు కంపెనీ సాధారణంగా ఆ భాగం ఇవ్వదు.

తడిసిన బియ్యం ఎండబెట్టి వాడుకోవచ్చా?

వద్దు. అది వాన నీరు కాదు, మురుగు కలిసిన నీరు. పప్పులు, పిండి, పచ్చళ్లు, ప్లాస్టిక్ మూత డబ్బాల్లోవి కూడా అంతే. సీలు చెడని టిన్నులు, ప్యాకెట్లు ఉంటే పైన బాగా కడిగి, బ్లీచింగ్ నీళ్లతో తుడిచి వాడొచ్చు.

తలుపులు పట్టేశాయి, గోడలు చెమ్మగా ఉన్నాయి. ఏం చేయాలి?

ఏమీ చేయకండి, చాలా రోజులు. ఉబ్బిన టేకు తలుపును వెంటనే చిత్రిక పట్టిస్తే ఆరిన తర్వాత కుంచించుకుపోయి వేలు దూరేంత సందు వస్తుంది. ఇటుక గోడ లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది. పండగ వస్తోందని ఈలోపు రంగు వేయిస్తే సంక్రాంతి దాటకముందే పొక్కులు లేచి రాలిపోతుంది, సున్నపు పూత లాంటి తెల్లటి ఉప్పు బయటికి వస్తుంది. ఫ్యాన్లు వేసి గాలి ఆడనివ్వండి, బీరువాను గోడకు అడుగు దూరం జరపండి. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు అల్మారాలు మాత్రం ఎంత ఆగినా బాగుపడవు. దూది పరుపులు, దిండ్లు కూడా తీసేయాల్సిందే.

సర్టిఫికెట్లు, పాస్‌పుస్తకాలు, పెళ్లి ఫొటోలు తడిశాయి.

ఎండలో పెట్టకండి, ఇస్త్రీ పెట్టె అసలే వద్దు. ముద్దగా అతుక్కున్న కాగితాలను లాగితే చిరుగుతాయి. అన్నిటినీ ఒకేసారి ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, వరద రాని బంధువుల ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ బూజు పట్టకుండా ఆపే ఉపాయం ఇదే. తర్వాత తీరిగ్గా కొన్ని కొన్ని తీసి, నీడలో, మధ్య మధ్య తెల్ల కాగితం పెట్టి ఆరబెట్టొచ్చు. అతుక్కున్న పాత ఫొటోలను చల్లటి మంచినీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టండి.

అసలుకే పోతే: ఆధార్ ఆన్‌లైన్‌లో దిగుతుంది. రిజిస్టరైన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు, డాక్యుమెంటు నంబరు, సంవత్సరం తెలిస్తే పని తేలిక. టెన్త్, ఇంటర్ మార్కుల జాబితాలకు ఆయా బోర్డులు డూప్లికేట్ ఇస్తాయి. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి కాపీ దగ్గర పెట్టుకోండి, చాలాచోట్ల అడుగుతారు. తడిసి చిరిగిన నోట్లను బ్యాంకు శాఖలో మార్చుకోవచ్చు, దలాలీకి ఇవ్వక్కర్లేదు.

మేము అద్దెకు ఉంటున్నాం. ప్రభుత్వ సాయం మాకా, ఓనరుకా?

ఇంట్లో సామాను పోయినందుకు ఇచ్చే సాయం ఆ ఇంట్లో కాపురం ఉన్నవాళ్లది. గోడలు, కప్పు దెబ్బతింటే అది ఓనరుది. 2024 వరదకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన కుటుంబానికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకు 10,000 చొప్పున ప్రకటించింది. సచివాలయ సిబ్బంది ఇంటింటికీ తిరిగి రాసుకున్నారు. జాబితాలో పేరు లేక, లేదా ఖాతాకు ఆధార్ లింక్ కాక తిరిగినవాళ్లను చూశాం. అద్దె ఇంటివాళ్లకు ఇంకో చిక్కు, ఆధార్‌లో అడ్రసు సొంతూరిది ఉంటుంది. కరెంటు బిల్లు, గ్యాస్ బుక్, అద్దె ఒప్పందం, పిల్లల స్కూలు ఫీజు రసీదు, ఇలా ఆ ఇంట్లోనే ఉన్నట్టు చూపే ఏ కాగితమైనా ఫొటో తీసి పెట్టుకోండి. సర్వే జరిగే రోజుల్లో ఇంటికి తాళం వేసి చుట్టాలింటికి వెళ్లొద్దు, కనీసం ఒకరైనా ఉండాలి. పేరు రాకపోతే నోటిమాటగా కాకుండా అర్జీ రాసి రసీదు తీసుకోండి.

ఇంటికి ఇన్సూరెన్స్ ఉంటుందా?

ఉంటుంది, మనవాళ్లే తీసుకోరు. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది, వరద నష్టం అందులో కలిసే ఉంటుంది. ఇంటికి తీసుకుంటే ఆ మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు సామానుకు కూడా వర్తిస్తుంది. అద్దెకున్నవాళ్లు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. బంగారం, నగదు మామూలుగా ఇందులో రావు. క్లెయిం ఉంటే సర్వేయరు చూసేదాకా పాడైన వస్తువులను పాత ఇనుప సామాను బండికి వేయకండి.

ఒంట్లో బాగోలేదు, మామూలు జ్వరమేనా?

వరద నీళ్లలో తిరిగిన తర్వాత రెండు మూడు వారాల లోపు జ్వరం వచ్చి, పిక్కలు పట్టేసినట్టు నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే ఆలస్యం చేయకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. "వరద నీళ్లలో తిరిగాను" అని డాక్టరుకు మీరే చెప్పాలి. కాలికి గీరుకుపోతే టీటీ. విరేచనాలకు ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టండి. నీళ్లు తగ్గాక దోమల వంతు వస్తుంది, కుండీలు, టైర్లు, వాడని సంపులు చూసుకోండి.

సంపులోకీ బోరులోకీ మురుగు వెళ్లింది.

సంపు, పైట్యాంకు ఖాళీ చేసి, గోడలు రుద్ది, బ్లీచింగ్‌తో కడిగి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ నింపాలి. లోతైన సంపులోకి మనిషిని దించేముందు మూత తీసి గాలి ఆడనివ్వండి, పైన ఇంకొకరు ఉండాలి. బోరు నీళ్లు బాగా వదిలేసి, క్లోరినేషన్ చేయించి, పరీక్ష అయ్యేదాకా తాగడానికి వాడకండి. నీళ్లు తెర్లకాగాక కనీసం ఒక నిమిషం మరగనివ్వండి. క్లోరిన్ మాత్రలు రకరకాల సైజుల్లో వస్తాయి, ఎన్ని లీటర్లకు ఒకటో ప్యాకెట్టు మీద చూసి వేసి, అరగంట ఆగి తాగండి.

మబ్బు పడితే చాలు మా అమ్మకు నిద్ర పట్టడం లేదు.

చాలా ఇళ్లలో ఇదే. రాత్రి లేచి లైటు వేసి గుమ్మం చూసి వస్తుంటారు. "అయిపోయింది కదా, ఇంకా ఎందుకు టెన్షన్" అనడం వల్ల లాభం లేదు. ఆ రోజు సంగతి వాళ్లు పదిసార్లు చెప్పినా వినండి. కాగితాల సంచి, టార్చి, మందులు పైన ఉన్నాయని కళ్లారా చూపిస్తే ఎన్ని మాటలకన్నా ఎక్కువ పనిచేస్తుంది. నెల దాటినా తిండి, నిద్ర సరిగా లేకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకుంటున్నాం. వరద వస్తుందో రాదో ఎలా తెలుస్తుంది?

ఓనర్ని అడగకండి, బ్రోకర్ని అసలు అడగకండి. వీధి చివర కిరాణా కొట్టువాళ్లను, ఇస్త్రీ బండివాళ్లను అడగండి. గోడలకు కొత్త రంగు ఒక ఎత్తు వరకే ఉందేమో చూడండి. మీటరు బోర్డు ఎంత ఎత్తులో ఉంది, మేడ మీదికి వెళ్లే తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి అడ్వాన్సు ఇవ్వకముందే మాట్లాడుకోండి. కింది వాటాలో ఉండేవాళ్లకు ఆ తాళం రెండో చెవి ఇవ్వడానికి ఒప్పుకోని ఓనరు ఇల్లయితే, అద్దె ఎంత తక్కువైనా తీసుకోకండి.